వారం విడిచి వారం వాచీ

మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా మామగారు చేతులు మారేవారు.

నవ్వకండి. ఆయన పోయి అప్పటికే ఆరేళ్లు. నేను చెప్పేది ఆయన వాచీ సంగతి. ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి కూర్చీ కూర్చీ ఆ మనిషి మిగిల్చింది ఏమైనా ఉందంటే ఆ ఒక్క చేతివాచీయే. కొడుకులు చూస్తే ఇద్దరు. పెద్దవాడు మా ఆయన, దర్జీ. ఇంటి ముందుగదే దుకాణం. చిన్నవాడు మా మరిది, ఊరికి ఆ చివర ఐసు ఫ్యాక్టరీలో మిషను చూసేవాడు. వాచీ ఎవరికని ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయారు మామగారు. వాటాలు వేసుకుందామంటే దాన్ని కత్తెరతో కత్తిరించలేం కదా! అందుకని అన్నదమ్ములు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక వారం అన్న చేతికి, ఒక వారం తమ్ముడి చేతికి. ఆదివారం మార్పిడి. వారం ఎవరిదైనా సరే, మార్పిడి మాత్రం మా ఇంట్లోనే, పెద్దవాడి గడప కాబట్టి.

పేరు కూడా వాళ్లు పెట్టిందే. మరిది గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా ఆయన లోపల్నుంచి కేకేసేవారు.

"ఏరా, నాన్నని తెచ్చావా?"

"తెచ్చా. ఈ వారం నాన్న అయిదు నిమిషాలు వెనకపడ్డారు."

"ఏం చేశావురా ఆయన్ని?"

"నేనేం చేశాను? నా దగ్గర నిదానంగా ఉంటారు. నీ దగ్గరైతే మూడు నిమిషాలు ముందుకి పరిగెడతారు. నీ చాదస్తం పడలేక పారిపోతున్నారేమో చూసుకో."

అందులో చాదస్తం ఏం లేదు. మా ఆయన గుడ్డ కత్తిరించేటప్పుడు వాచీ విప్పి బల్లమీద వెల్లకిలా పెట్టేవారు. మరిది ఉప్పునీళ్లు తగులుతాయని ఫ్యాక్టరీలో మేకుకి తగిలించేవాడు. పడుకోబెడితే ఒక నడక, వేలాడదీస్తే ఒక నడక, పాత వాచీల తీరే అంత అని వీధి చివర వాచీలు బాగుచేసే తాత చెప్పాడు. అయినా నేను ఊరుకుంటానా! "మీ వాచీ మూడు నిమిషాలు ముందు, మీరిచ్చే చొక్కా మూడు రోజులు వెనక" అనేదాన్ని. మరిది పడీపడీ నవ్వేవాడు. మా ఆయన చేతికందిన గుండీ తీసి నా మీదకి విసిరేవారు.

వాచీ ఎంతో లేదు, కోటు గుండీకంటే కాస్త పెద్దది. లోపలి బిళ్ల ఒకప్పుడు తెలుపట, నేను కాపురానికొచ్చేసరికి మీగడ రంగు తిరిగింది. నాలుగు అంకె పక్కన టీ చుక్క పడ్డట్టు ఒక మరక. ఆరు దగ్గర బుల్లి గుండ్రం, అందులో వెంట్రుకంత ముల్లు సెకన్లు లెక్కపెట్టుకుంటూ తిరిగేది. కీ ఇచ్చే బొడిపె మీద గాట్లు మామగారి బొటనవేలికే అరిగిపోయాయి, పట్టుకుంటే వేలు జారేది. తోలు బెల్టుకి ఏడు చిల్లులుంటే రెండే సాగాయి. ఒకటి మా ఆయనది, ఒకటి మరిదిది.

రేడియోలో వార్తలముందు కూతలు రాగానే ముళ్లు సరిచేసేవారు. తర్వాత కీ. ఇచ్చేవాడు కీ తిప్పాలి, పుచ్చుకునేవాడు చెవి దగ్గర పెట్టుకుని వినాలి. అదీ వాళ్ల పద్ధతి. ఇరవై రెండు తిప్పులు. ఒకటి ఎక్కువైనా కాదు, తక్కువైనా కాదు. ఆ తిప్పుల మధ్యలోనే లోకంలో కబుర్లన్నీ దొర్లేవి.

"పద్నాలుగు... పదిహేను... పాపకి చెవిపోటు తగ్గట్లేదన్నయ్యా... పదహారు..."

"ఆ ఎర్రమేడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు. చెవిలో నూనె పొయ్యకండి."

"పోశాంగా. పదిహేడు..."

"పోశారూ? మీ ఇద్దరి చెవులూ మెలెయ్యాలి."

ఇంతే. వచ్చి ఇంకేమీ మాట్లాడుకునేవారు కాదు. అలాగని గంటలో తెమిలేదీ కాదు. మూడుసార్లు టీ, మధ్యాహ్నం అన్నం, ఆ పూటంతా నేను పొయ్యి దగ్గరే. మా అక్క ఇల్లు నాలుగు వీధుల అవతలే ఉన్నా ఆదివారం నేను కాలు బయటపెట్టి ఎరగను. వాచీ పట్టుకుని ఇద్దరు మగాళ్లు ఇంతసేపు ఏం చేస్తారమ్మా అని విసుక్కునేదాన్ని. ఆ విసుగు సంగతి ఇప్పుడు దాచి ఏం లాభం? జరిగినదాంట్లో దానికీ భాగం ఉంది.

ఆ ఏడు ఎండలు మామూలుగా కాయలేదు. ఇస్త్రీపెట్టె వెయ్యకుండానే చొక్కాల మడతలు నిలిచాయని మా ఆయన అనేవారు. ఐసుకి గిరాకీ పెరిగి ఫ్యాక్టరీలో ఒకటికి రెండు షిఫ్టులు నడిపారు. దానికితోడు అక్కడి గోడగడియారం ఆగిపోయింది. నీళ్లు నింపిన డబ్బాలు ఉప్పునీళ్ల తొట్టెలో ఎన్నింటికి దింపారో, ఎన్నింటికి తీయాలో పలకమీద రాసుకోవాలి. ముందు తీస్తే ఐసు మధ్యలో నీళ్లు, ఆలస్యమైతే వెనకున్న డబ్బాలు ఆగిపోతాయి. టైము తెలియకపోతే మరిది చేతులు కట్టేసినట్టే. ఒక ఆదివారం రాలేదు. రెండో ఆదివారమూ రాలేదు. మా ఆయన తొమ్మిదింటికి గుమ్మందాకా వెళ్లడం, వీధిలోకి చూడడం, మిషను దగ్గరికి రావడం. పన్నెండుదాకా అదే వరస.

మూడో ఆదివారం ఒంటిగంట దాటాక వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్లలో నాని వేళ్లు తెల్లగా ముడతలు పడిపోయాయి.

"ఇప్పుడా రావడం? నాన్న మూడు వారాలుగా నీ దగ్గరే ఉన్నారు."

"గోడగడియారం పాడైందన్నయ్యా. వాచీ లేకపోతే డబ్బాలు..."

"మీ యజమానిని ఇంకోటి కొనుక్కోమను. మా నాన్నని జీతానికి పెట్టుకున్నాడా?"

"మీ నాన్నా?" అన్నాడు మరిది. "మరి నాకేమవుతారో?"

నేను టీ పెట్టుకొచ్చేసరికి మరిది గోడవార చొక్కాగుడ్డల కట్టలమీద ఒరిగి నిద్రపోతున్నాడు. మా ఆయన బల్లఫ్యాను అటు తిప్పి, కొత్త గుడ్డొకటి నాలుగు మడతలు వేసి తమ్ముడి తలకింద పెట్టి, మిషను చప్పుడుకి లేస్తాడని చేత్తో గుండీలు కుట్టుకుంటున్నారు. నాలుగింటికి లేచాక ఎప్పట్లాగే ఒకడు కీ తిప్పాడు, ఒకరు విన్నారు.

నా బుద్ధి చూడండి, నాకు ఆ కసురుకోవడమే గుర్తుండిపోయింది. తలకింద పెట్టిన గుడ్డని నేనే తర్వాత ఉతికి ఆరేశాను కూడా, అయినా బుర్రకెక్కలేదు. ఈ వాచీ మూలంగా అన్నదమ్ములు విడిపోయేలా ఉన్నారే, ఆ పిల్లాడు నిద్ర లేక ఎండలో రెండు బస్సులు మారి రావాలా, అని దిగులు పెట్టుకున్నాను. మర్నాడే తాత దగ్గరికి వెళ్లాను.

తాత కంట్లో భూతద్దం ఇరికించుకుని ఈగ రెక్కంత చక్రాన్ని చిమటాతో పట్టుకుని ఉన్నాడు. ఊపిరి విడిస్తే ఎగిరిపోతుందని నేనూ బిగబట్టి నిలబడ్డాను.

"తాతా, మా మామగారి దానిలాంటిదే ఇంకోటి దొరుకుతుందా?"

"దొరకదు," అంటూనే సొరుగు లాగాడు. "చేస్తే తప్ప. రెండు చచ్చిన వాచీల్లోంచి ఒక బతికిన వాచీ తీశాను, చూడు. అదే కంపెనీ, అదే ఏడు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు."

మూత తెరిచి లోపల చూపించాడు. సూదితో గీసిన సన్నటి గీతలూ అంకెలూ ఉన్నాయి. బాగుచేసిన ప్రతివాడూ లోపల ఒక గుర్తు గీస్తాడట. మామగారి వాచీలో తాత గీసినవే తొమ్మిది ఉన్నాయట.

"మరి ఇవి?"

"ఇవి ఎవరివో, ఏ ఊళ్లో గీశారో. ఇంతకీ ఎవరికమ్మాయ్?"

"మా మరిదికి. ఎవరిది వాళ్లకుంటే గొడవుండదు కదా."

తాత భూతద్దం తీసి నావైపు చూశాడు. "వాళ్లిద్దరూ ఎప్పుడొచ్చినా కలిసే వచ్చేవారు. ఒక్కడు రావడం నేను చూళ్లేదు. పోనీలే, ఇంక నాకు ఒక బేరం రెండవుతుంది," అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాజాలు కుట్టి దాచుకున్నదంతా తాత చేతిలో పెట్టి, వాచీని కొంగున ముడేసుకుని, ఊరేగింపులో వెళ్తున్నట్టు ఇంటికొచ్చాను.

మా ఆయనకి ముందే చెప్పలేదు. ఇద్దరినీ ఒక్కసారే సంతోషపెట్టాలని నా ముచ్చట. ఆదివారం మరిది ఎలాగో సెలవు అడుక్కుని తొమ్మిదింటికే వచ్చాడు. బల్లమీద పాతదాని పక్కన కొత్తది పెట్టాను.

"ఇదిగోనయ్యా, ఇది నీది. ఇంక నిద్ర మానుకుని, ఎండలో పడి రానక్కర్లేదు. నీది నీకు, మీ అన్నది మీ అన్నకి."

ఇద్దరూ వాచీలవంక చూశారు. మొహాలు చూసుకోలేదు.

"బాగుంది వదినా," అన్నాడు మరిది. కాసేపటికి మళ్లీ, "చాలా బాగుంది," అన్నాడు. కొత్తది తీసి అటూ ఇటూ తిప్పాడు. "అయితే నాన్న ఇంక ఇక్కడే ఉంటారన్నమాట."

మా ఆయన అప్పుడు కోటొకటి జోడిస్తున్నారు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు ఉన్నాయి. నోట్లో సూదులున్న మనిషి ఏం మాట్లాడతాడు? అవి తీసి మాట్లాడొచ్చు కదా అంటారా? నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ కోటు చంకలో ఒకటి, భుజంమీద ఒకటి, నిదానంగా గుచ్చారు. నాలుగూ అయిపోయేసరికి మరిది కొత్తదానికి తనే కీ ఇచ్చుకుని, తనే చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నారు మా ఆయన.

"ఆడుతోంది."

టీ ఒక్కసారే తాగాడు. అన్నానికి ఉండమంటే ఫ్యాక్టరీ అన్నాడు. ఎప్పుడూ చెప్పులేసుకుంటూ "వచ్చే ఆదివారం" అనడం అలవాటు. ఆ రోజు "వచ్చే..." అని ఆగి, నావైపు తిరిగి, "వెళ్లొస్తా వదినా," అన్నాడు.

తర్వాతి ఆదివారం నేను మా అక్క ఇంటికెళ్లి సాయంత్రందాకా ఉన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ పై ఆదివారమూ వెళ్లాను. మూడోసారి వెళ్లబోతూ చూస్తే మా ఆయన మిషనుకి నూనె పెడుతున్నారు. ముందురోజే పెట్టారు. రేడియో కూతలు వచ్చాయి. వాచీ సరిచేసుకుని, కీ తిప్పుతూ పైకే లెక్కపెట్టుకున్నారు. పదిహేను, పదహారు, పదిహేడు. ఇరవై రెండయ్యాక దాన్ని ఎవరికో అందిస్తున్నట్టు చెయ్యి కాస్త ముందుకొచ్చింది. చూసుకుని, చేతికి పెట్టేసుకున్నారు.

నేను అక్క ఇంటికి వెళ్లలేదు.

"పోనీ మీరే ఓసారి వెళ్లి చూసి రాకూడదూ?"

"ఏ పని మీద?"

"తమ్ముణ్ణి చూడ్డానికి పనేంటండీ!"

"వాడికి రావాలనుంటే వాడే వచ్చేవాడుగా. రానక్కర్లేదని చెప్పాంగా."

'చెప్పాం' అన్నారు. 'చెప్పావు' అనలేదు. అన్నా బాగుండేది, నాలుగు మాటలు అనుకుని తేలికపడేవాళ్లం. ఆ వారమే ఒక పెళ్లికొడుకు చొక్కాకి చేతులు రెండూ ఎడమవే కత్తిరించారు. పాతికేళ్ల పనిలో అలాంటి తప్పు నేను చూడలేదు. నేను నవ్వించబోయాను, "కుడిచేత్తో ఏం పనిలెండి పెళ్లికొడుక్కి" అని. ఆయన ఆ రెండు ముక్కలూ మడిచి బల్లకింద పడేశారు.

అలా వేసవంతా గడిచిపోయింది. మొదటి వానలు పడి మళ్లీ మొహం చాటేశాయి. మరిది నుంచి కబురు లేదు, మేమూ కబురు పెట్టలేదు. ఒక ఆదివారం ఆయన స్నానానికి వెళ్లగానే బల్లమీది వాచీ తీసి జాకెట్లో పెట్టుకుని బయల్దేరాను. నేను ముడేసింది నేనే విప్పాలనుకున్నాను. తాత చేసిన వాచీ పనికిరాదని ఏదో ఒకటి చెప్పి వెనక్కి తీసేసుకుని, ఇది మరిది చేతిలో పెట్టి, "ఈ వారం నాన్న నీ వంతు, వచ్చే ఆదివారం తెచ్చి ఇవ్వాలి, రాకపోతే ఊరుకోను" అనాలి. రెండు బస్సుల్లోనూ ఆ మాటే వల్లె వేసుకున్నాను. వాచీ గుండెకి తగులుతూ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

ఫ్యాక్టరీ గేటుకి గొలుసు. ఎప్పుడు వెళ్లినా వీధిదాకా తడిగా ఉండే నేల ఎండి బీటలిచ్చింది. ఐసుమీద కప్పే రంపపుపొట్టు ఒక మూల కుప్పగా ఉంది. వెనకున్న మరిది ఇంటికి తాళం. గేటు ఎదుట టీ బండి పెట్టుకున్నావిడ నన్ను చూసి పిలిచింది.

"ఎవరికోసమమ్మా? ఫ్యాక్టరీ మూసేసి పదిహేను రోజులైంది. మిషన్లన్నీ ఓడరేవుకి తరలించాడు యజమాని, చేపలకి ఐసు కావాలట. వచ్చేవాళ్లు నాతో రండి అన్నాడు."

"మిషను చూసే ఆయన?"

"వెళ్లాలా, మానాలా అని ఎంత కొట్టుకున్నాడో పాపం. పెళ్లానికి ఇష్టం లేదు, పాపని బడి మాన్పించాలని. అన్నయ్యనడిగి చెప్తా అన్నాడు. ఆఖరికి బుధవారం సామాను లారీకెక్కించారు."

"మమ్మల్ని అడగలేదే!"

"నువ్వు ఆ వదినవా?" అని ఆవిడ గ్లాసు కడగడం ఆపేసింది. "అడుగుదామనే రెండుసార్లు బయల్దేరాడు. ఇక్కడే టీ తాగి వెళ్లాడు, వెళ్లినంత తొందరగా తిరిగొచ్చాడు. ఏమైందని అడిగితే, అన్నయ్యవాళ్ల వీధి మొగదాకా వెళ్లానక్కా, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేదు, ఏమని వెళ్లను అన్నాడు. నాకు అర్థం కాలేదనుకో. నీ గురించి మాత్రం మంచిగా చెప్పేవాడమ్మా. మా వదిన కొనిపెట్టిందని వాచీ అందరికీ చూపించేవాడు."

ఆవిడ టీ ఇచ్చింది. తాగానో లేదో గుర్తులేదు.

తర్వాత అన్నదమ్ములు కలవలేదని కాదు. ఉత్తరం వచ్చింది, జవాబు రాయించారు. ఓడరేవు చాలా దూరం, పెళ్లిళ్లకీ చావులకీ వచ్చేవారు, పక్కపక్కనే కూర్చునేవారు, ఒంట్లో బాగుందా అంటే బాగుందా అనుకునేవారు. చుట్టాల్లాగా. ఎవరి చేతికి వాళ్ల వాచీ. టీ బండావిడ చెప్పిన వీధి మొగ మాట మాత్రం నేను ఆయనకి చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పలేదు. చెబితే ఆయనకి ఏం మిగులుతుందో తెలియలేదు, నాకు ఏం మిగులుతుందో బాగా తెలుసు.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. బల్లమీద వాచీ లేకపోవడం చూశారన్నమాట. ఎక్కడికెళ్లావని అడగలేదు. ఎన్నాళ్లకో ఆ మొహంలో కాస్త వెలుగు కనిపించింది.

"ఇచ్చావా?" అన్నారు.

నేను వాచీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఫ్యాక్టరీ మూసేశారనీ, వాళ్లు ఓడరేవుకి వెళ్లిపోయారనీ చెప్పాను. ఆయన వాచీవంక చూస్తూ విన్నారు.

"ఎప్పుడు?"

"బుధవారం."

"బుధవారమా?" అని, నేనేదో పొరపాటు చెప్పినట్టు, మెల్లగా అన్నారు: "బుధవారం నేను ఇంట్లోనే ఉన్నానే. పొద్దున్నుంచీ తలుపు తీసే ఉంది."